జామకాయ, బెంగ, ఒక స్పానిష్ మాట

అక్టోబరు మొదటి ఆదివారం మా పుస్తకాల గుంపు ఒకే ఒక్క మాట దగ్గర ముప్పావుగంట చిక్కుకుపోయింది. ఆ మాట తెలుగుదీ కాదు, ఇంగ్లీషుదీ కాదు. ఆంతోహో.

ఈ గొడవంతటికీ కారణం నేనే. కిందటేడు టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలున్నాను. అల్లుడూ అమ్మాయీ ఆఫీసులకు వెళ్ళిపోతే నాకు దిక్కు పక్క వీధిలోని గ్రంథాలయమే. సెప్టెంబరు సగంలో ఒక ఉదయం వెళ్ళేసరికి గుమ్మం ఎదుటి బల్ల నిండా పుస్తకాలు పేర్చి ఉన్నాయి. స్పానిష్ మాట్లాడే దేశాల నుంచి వచ్చిన కుటుంబాల వారసత్వానికి అమెరికాలో ఒక మాసం ఉందట. సెప్టెంబరు 15న మొదలై అక్టోబరు 15న ముగుస్తుంది. నెల మధ్యలో మొదలయ్యే మాసమేమిటని అడిగాను. గ్వాటెమాలా, హోండురాస్, నికరాగ్వా లాంటి అయిదు దేశాలకు స్వాతంత్ర్య దినం ఆ 15వ తేదీనే, మెక్సికోకు మరునాడు అని అక్కడ పనిచేసే పెద్దావిడ చెప్పింది. 1968లో వారంగా మొదలై 1988లో నెల అయిందట. పుష్కరాలకు కూడా పన్నెండు రోజులకు మించి ఇవ్వని వాళ్ళం మనం. కాస్త అసూయ కలిగింది.

విశాఖ లాసన్స్ బే కాలనీలో మా గుంపు నెలకో ఆదివారం ఒక అపార్టుమెంటు మేడ మీద కూర్చుంటుంది. పదకొండు మందిమి. దాదాపు అందరం రిటైరైనవాళ్ళం, ఏడుగురి పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఇన్నాళ్ళూ రావిశాస్త్రి, చాసో, కారా మాస్టారు అంటూ చుట్టుపక్కల వాళ్ళనే చదివాం. ఈసారి లాటినెక్స్ రచయితలు అన్నాను.

"చివర ఆ ఎక్స్ ఏమిటమ్మా, లెక్కల పుస్తకంలోలాగా?" అన్నారు తెలుగు మాస్టారు.

లాటిన్ అమెరికా మూలాలున్న మగవాడైతే లాటినో, ఆడమనిషి అయితే లాటినా. అందరికీ, ఆ రెండు గడుల్లో దేనిలోనూ ఇమడని వాళ్ళకు కూడా సరిపోవాలని ఆ ఎక్స్ పెట్టారని చెప్పాను. అక్కడి వాళ్ళలోనే చాలామంది ఆ మాట వాడరనుకోండి. మాస్టారు సంబరపడ్డారు. "మనకు 'వారు' ఉంది కదా, అందరూ అందులోకే వస్తారు." బహువచనంలో సరే, ఏకవచనానికి వచ్చేసరికి ఆవు వచ్చింది, బస్సు వచ్చింది, మా అమ్మాయీ వచ్చింది అని గుర్తుచేశాను. ఆయన టీ చల్లారిపోతోందని గ్లాసు అందుకున్నారు.

నేవీలో పనిచేసి వచ్చిన ఒకాయన మార్క్వెజ్‌నే చదవాలని పట్టుబట్టారు. 1982లో నోబెల్ అందుకున్నవాణ్ణి పక్కన పెడతామా అని ఆయన వాదన. మార్క్వెజ్ మహానుభావుడే. కానీ ఆయన కొలంబియా వాడు, స్పానిష్‌లో రాశాడు. నాకు కావలసింది ఇంట్లో స్పానిష్, బళ్ళో ఇంగ్లీషు, రెంటికీ నడుమ గడప మీద నిలబడి రాసినవాళ్ళు. మన మనవలు ఇప్పుడు నిలబడింది కూడా ఆ గడప మీదే. ముప్పై ఏళ్ళ తర్వాత వాళ్ళు మన గురించి ఏం రాస్తారో ఇప్పుడే కొంత తెలుసుకుని ఉండవచ్చు అన్నాను. ఏడు చేతులు లేచాయి. ఏ ఏడో చెప్పనక్కరలేదు.

అలా జూలియా అల్వారెజ్ 1991లో రాసిన 'హౌ ద గార్సియా గర్ల్స్ లాస్ట్ దెయిర్ యాక్సెంట్స్' దగ్గరికి వచ్చాం. గార్సియా అమ్మాయిలు యాస పోగొట్టుకున్న వైనం అనుకోండి. డొమినికన్ రిపబ్లిక్‌ను 1930 నుంచి 1961లో హతుడయ్యేదాకా ట్రుహీయో అనే నియంత పిడికిట్లో పెట్టుకున్నాడు. అతని మీద జరిగిన కుట్రలో అల్వారెజ్ తండ్రి కూడా ఉన్నాడు. 1960లో పెళ్ళాంపిల్లలతో న్యూయార్కుకు పారిపోయాడు. అప్పటికి ఆమెకు పదేళ్ళు. నవలలోనూ అలా పారిపోయి వచ్చిన డాక్టరు, ఆయన భార్య, నలుగురు కూతుళ్ళు. కథ మాత్రం వెనక్కి నడుస్తుంది, 1989లో మొదలై 1956 దగ్గర ఆగుతుంది. మా వయసు వాళ్ళ ఆలోచనలూ అలాగే నడుస్తాయి కాబట్టి ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

పుస్తకం పేరు వినగానే ఎప్పుడూ పెదవి విప్పని టెక్కలి పెద్దాయన కదిలారు. "యాస పోగొట్టుకోవడానికి అంత దూరం ఎందుకండీ? నేను విశాఖలోనే పోగొట్టుకున్నాను."

కాలేజీలో చేరిన మొదటి వారం ఆయన లేచి తన పేరూ ఊరూ చెబితే తరగతి మొత్తం నవ్విందట. అప్పటి నుంచి రేడియో వార్తలు విని, గదిలో తలుపు వేసుకుని అప్పజెప్పుకునేవారట. మూడు నెలల్లో శ్రీకాకుళం యాస పోయింది. దసరా సెలవులకు ఇంటికి వెళితే వాళ్ళమ్మ, ఎవరో ఉద్యోగస్థుడు వచ్చినట్టు, కొడుకును 'మీరు' అని మన్నించి మాట్లాడిందట. ఆ మాట చెప్పి ఆయన సముద్రం వైపు చూస్తూ కూర్చున్నారు. మేమేమో సినిమాల్లో పనివాళ్ళకూ హాస్యగాళ్ళకూ ఆ యాస అంటగట్టినవాళ్ళను అరగంట తిట్టాం. పుస్తకం ఒళ్ళోనే ఉండిపోయింది.

ఇక ఆ మాట. మొదటి అధ్యాయంలో మూడో కూతురు యోలాండా ఏళ్ళ తర్వాత ద్వీపానికి వస్తుంది. పిన్నులూ అత్తలూ చుట్టూ చేరి, నీ ఆంతోహో ఏమిటి చెప్పు అంటారు. పిల్లకు ఆ మాటే తెలియదు, ఏదైనా తినాలని మనసు లాగడం అని వాళ్ళు విడమరిచి చెప్పాలి. చెప్పాక తనకేం కావాలో తెలుస్తుంది. జామపండ్లు. ఒంటరిగా వద్దన్నా వినకుండా కారు వేసుకుని కొండల వైపు పోతుంది. పొద్దువాలే వేళకు టైరులో గాలి పోతుంది, కత్తులు పట్టుకున్న ఇద్దరు మగవాళ్ళు ఎదురవుతారు. నిజానికి సాయం చేసే పొలం మనుషులే. కానీ ఆ భయంలో ఆమె నోటికి స్పానిష్ అందదు, ఇంగ్లీషే వస్తుంది.

ఉన్నది ఒకే ప్రతి కాబట్టి నేను చదువుతూ అప్పటికప్పుడు తెలుగులో చెబుతున్నాను. ఆంతోహోకు ఏం చెప్పాలి? జిహ్వచాపల్యం అన్నారు మాస్టారు. అది తిట్టు. యావ అంటే ఇంకా పెద్ద తిట్టు. వేవిళ్ళ కోరిక అంది కింది ఫ్లాటు అక్కయ్య. స్పానిష్‌లో కడుపుతో ఉన్నవాళ్ళ కోరికలకూ ఆ మాటే వాడతారు గనుక కాసేపు అందరం ఆశపడ్డాం. కానీ యోలాండా గర్భిణి కాదు. నోరూరడం అంటే కళ్ళెదుట చింతకాయ ఉండాలి. చివరికి టెక్కలి పెద్దాయనే "బెంగ" అన్నారు.

బెంగ మనుషుల మీద పెట్టుకుంటారు గాని తిండి మీద ఏమిటని మాస్టారు కొట్టిపారేశారు. వెంటనే నేవీ ఆయన, ఓడలో నెలల తరబడి ఉన్నప్పుడు తన బెంగంతా పనసపొట్టు కూర మీదేనని ఒప్పుకున్నారు. ఆయన భార్య పక్కనే ఉన్నారు. ఆ సంగతి ఆయనకు కాస్త ఆలస్యంగా గుర్తొచ్చింది.

ఆ రోజు ఎంవీపీ కాలనీ రైతు బజారు నుంచి జామకాయలు తెచ్చి ఉప్పూ కారం అద్ది పళ్ళెంలో పెట్టాను. జామ పుట్టిల్లు అమెరికా ఖండం. మిరప కూడా అక్కడి నుంచి వచ్చిందే. ఉప్పొక్కటే మనది. ఈ రోజుల్లో ఏజెన్సీ నుంచి గంపల్లో దిగుతున్న సీతాఫలం సైతం అక్కడి నుంచే వచ్చిందంటే, సాక్షాత్తూ సీతమ్మ పేరున్న పండు పైదేశానిది ఎలా అవుతుందని అక్కయ్య ఇప్పటికీ నాతో వాదిస్తోంది.

మనవల సంగతి తెలుసుకుందామని పుస్తకం తెరిచినదాన్ని, అందులో నేను కనిపించింది పిన్నుల మధ్య. వచ్చిన పిల్లను కూర్చోబెట్టి ఏం తింటావని పది సార్లు అడగడం, మాట తడబడితే నవ్వడం, ఒక్కదానివే బయటికి వెళ్ళకు అనడం. డిసెంబరులో మనవలు దిగినప్పుడు మా ఇళ్ళలో జరిగేది అచ్చం అదే. పుస్తకంలో ఆ పిన్నుల మీద రచయిత్రికి ప్రేమ ఉంది గాని దయాదాక్షిణ్యాలు లేవు. చదువుతుంటే రెండు చోట్ల నా చెవులు వేడెక్కాయి.

అందరూ లేచాక అక్కయ్య తన చిన్న నోటు పుస్తకం తెచ్చి ఆ మాట రాసిమ్మంది. వాళ్ళ మనవరాలు డాలస్‌లో ఎనిమిదో తరగతి. తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడదు. బళ్ళో రెండో భాషగా స్పానిష్ నేర్చుకుంటోంది.

"ఈ రాత్రి ఫోను చేసి, నాకు నీ మీద ఆంతోహో అని చెబుతాను," అంది.

"అది తినే వాటికేనమ్మా, మనుషులకు వాడరు," అన్నారు మాస్టారు చెప్పులు వేసుకుంటూ.

"దాన్ని చూస్తే కొరుక్కు తినాలనే ఉంటుంది నాకు," అంది అక్కయ్య.