టైల్స్ మీద ప్లస్ గుర్తు

ఆదివారం, రాత్రి.

పొద్దున్న లేవగానే లాప్‌టాప్ తెరవకూడదనుకున్నాను. తెరిచాను. రెండు రోజులుగా గ్రాఫ్‌లోని ఆ రెండు గీతలే కళ్ళ ముందు ఆడుతున్నాయి.

నేను చేస్తున్న మోడల్ చెప్పుకోవడానికి చిన్నదే. ఒక పలకలో మిల్లీమీటరు సైజులో రంధ్రం ఉంటుంది. దాని లోపలి గోడల మీద ఎముకను తయారుచేసే కణాలు చేరి, పొర మీద పొర వేస్తూ రంధ్రాన్ని పూడ్చేస్తాయి. రంధ్రం ఆకారాన్ని బట్టి ఆ పూడిక ఎలా సాగుతుందన్నదే ప్రశ్న. 2008లో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థవాళ్ళు త్రికోణం, చదరం, షడ్భుజి, గుండ్రం ఆకారాల్లో రంధ్రాలు చేసి, చిట్టెలుక ఎముక కణాలను పెంచి చూశారు. కణజాలం ముందు మూలల్లో చేరుకుంది. మూలలు నిండేసరికి ఏ రంధ్రమైనా గుండ్రంగా మారింది. ఒక చోట గోడ గిన్నె లోపలి వైపులా ఎంత వంపు తిరిగి ఉంటే అక్కడ పెరుగుదల అంత వేగం. సమతలంగా ఉన్న గోడ మీద మొదట్లో దాదాపు ఏమీ జరగదు.

ఈ నియమాన్నే కోడ్‌లో రాశాను. సరిహద్దు మీద 400 చుక్కలు, ప్రతి చుక్కా తన దగ్గరి వక్రతకి, అంటే అక్కడి వంపు ఎంతో దానికి, తగ్గ వేగంతో లోపలికి జరగాలి. ఒకే వైశాల్యం ఉన్న చదరం ఒకటి, ప్లస్ గుర్తు ఒకటి తీసుకుని నడిపించాను. ఎంత ఖాళీ మిగిలిందో గ్రాఫ్ గీస్తే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి అచ్చుగుద్దినట్టు పడ్డాయి. ఒకే ఫైల్ రెండుసార్లు లోడ్ చేశానేమోనని మూడుసార్లు చూసుకున్నాను. కాదు. పైగా అదే గ్రాఫ్‌ని శుక్రవారం సార్‌కి పంపేశాను కూడా, "ఆసక్తికరంగా ఉంది" అని ఓ ముక్క తగిలించి.

మధ్యాహ్నం పాప హాల్లో టైల్స్ గీతల మీద అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తోంది. ఊరికే, "నడుమ ఒక టైల్, దానికి నాలుగు పక్కలా నాలుగు. ఆ అయిదింటి అంచు మీద ఒక చుట్టు చుట్టిరా" అన్నాను.

"ఎందుకు?"

"ఎన్నిసార్లు తిరిగావో చెప్పు, చాలు."

చుట్టి వచ్చి, వేళ్ళు మడిచి లెక్కపెట్టి చెప్పింది. ఎడమకి ఎనిమిది, కుడికి నాలుగు. అప్పుడు తట్టింది నాకు. ఎడమకి ఎనిమిది లంబకోణాలంటే 720 డిగ్రీలు. కుడికి నాలుగంటే 360. తీసేస్తే మిగిలేది 360, అంటే ఒక పూర్తి చుట్టు. చదరం చుట్టూ నడిచినా అంతే, వృత్తం చుట్టూ నడిచినా అంతే. వక్రతంటే అడుగుకి ఎంత మలుపన్నదే కదా. వేగం దాన్ని బట్టే ఉన్నప్పుడు, నిండే వైశాల్యం ఈ మొత్తం మలుపుని బట్టి ఉంటుంది. అది ఏ ఆకారానికైనా ఒకటే కాబట్టి గీతలు కలవక ఏం చేస్తాయి? లెక్క తప్పలేదు. తప్పింది నేను.

కుడికి తిరిగిన ఆ నాలుగు మూలలు రంధ్రంలోకి పొడుచుకొచ్చినవి. అక్కడ వక్రత రుణాత్మకం. నా కోడ్ నియమం తప్పకుండా అక్కడ సరిహద్దుని వెనక్కి నడిపిస్తోంది, అంటే కణాలు గోడను తినేస్తున్నాయన్నమాట! కణాలు అలా చేయవు. అలాంటి మూల దగ్గర పెరగకుండా ఊరుకుంటాయి, అంతే. జూమ్ చేసి చూస్తే నిజంగానే ఆ నాలుగు చోట్లా గీత పలకలోకి నొక్కుకుపోయి ఉంది. రెండు రోజులు చూసిన బొమ్మే అది.

రుణాత్మకమైతే సున్నా అని ఒక్క లైన్ మార్చాను. కుడి మలుపులు లెక్కలోంచి పోయాయి, ఎడమవాటి 720 డిగ్రీలూ మిగిలాయి. ప్లస్ గుర్తు మొదట్లో చదరం కన్నా రెండు రెట్లు వేగంగా నిండింది. చేతులు పూడాక నెమ్మదించి చదరం గీతకి సమాంతరంగా సాగింది. ప్లస్ ఆకారపు రంధ్రాలు చదరం కన్నా త్వరగా నిండుతాయని అదే పోట్స్‌డామ్ బృందం 2013లో ప్రయోగం చేసి చూపించింది. ఆ పేపర్ నా దగ్గర ఎప్పటినుంచో ఉంది. ముందే దానితో పోల్చి చూసుకుని ఉంటే సరిపోయేది.

సాయంత్రం పాప అడిగింది, "వంపు ఎక్కడుందో కణాలకి ఎలా తెలుస్తుందమ్మా?"

తెలియక్కర్లేదు. పిల్లలందరూ గుండ్రంగా నిలబడి తలా ఒక అడుగు లోపలికి వేస్తే భుజాలు రాసుకుంటాయి. చుట్టుకొలత తగ్గింది, మనుషులు తగ్గలేదు. ఒక్కో కణం ఎప్పుడూ ఒకే మోతాదులో కొత్త పదార్థం వేస్తుందనుకుంటే, ఇరుకైన చోట పొర తొందరగా మందమవుతుంది. వృత్తంలో వ్యాసార్థం సగమైతే సాంద్రత రెట్టింపు, వేగం రెట్టింపు, వక్రతా రెట్టింపే. అలియాస్, బుయెంజ్లీ అనే ఇద్దరు పరిశోధకులు 2017లో ఈ కిక్కిరిసిపోవడాన్నే సమీకరణాల్లో పెట్టారు. నాకు ఈ వివరణే నచ్చుతుంది, ఇందులో కణానికి జ్యామితి వచ్చి ఉండాల్సిన పనిలేదు. అంతా సాంద్రతతోనే తేలిపోదనుకోండి. గుంటకి అడ్డంగా తాడులా సాగి నిలిచే కణాలతో కట్టిన మోడల్ కూడా ఉంది. అది పాపకి చెప్పబోతే అప్పటికే టైల్స్ మీదకి వెళ్ళిపోయింది, ఈసారి ఏడు టైల్స్‌తో ఏదో ఆకారం.

ఇంక సార్‌కి మెయిల్ రాయాలి, శుక్రవారం పంపిన గ్రాఫ్ పక్కన పెట్టేయమని. సబ్జెక్ట్ లైన్ దగ్గరే అరగంటగా ఆగిపోయాను.