మాంట్‌గోమరీలో బస్సెక్కని 381 రోజులు

ఆర్టీసీ డిపోలో డ్యూటీ చార్టులు వేస్తూ ఉద్యోగమంతా గడిపిన మనిషిని. అందుకే అమెరికాలో, అలబామా రాష్ట్రపు మాంట్‌గోమరీ నగరంలో నల్లజాతి వారు 1955 డిసెంబరులో మొదలుపెట్టిన బస్సుల బహిష్కరణ గురించి ఎప్పుడు చదివినా, నా ధ్యాస ఉపన్యాసాల కంటే ముందు రవాణా ఏర్పాట్ల మీదికే పోతుంది. సుమారు 40,000 మందిని రోజూ పనికి చేర్చి, మళ్లీ ఇంటికి తేవాలి. అదీ ఏడాదికి పైగా!

ఆ బస్సుల్లో ముందు పది సీట్లు తెల్లవారివి. ఖాళీగా ఉన్నా నల్లవారు కూర్చోకూడదు. ముందు తలుపు దగ్గర డబ్బు చెల్లించి, కిందికి దిగి, వెనక తలుపు నుంచి ఎక్కమనేవారు. ఈలోగా బస్సు పోనిచ్చేసే డ్రైవర్లూ ఉండేవారు. డబ్బు తీసుకుని ప్రయాణికుణ్ణి రోడ్డున వదిలేయడాన్ని నేను దొంగతనమనే అంటాను.

తెల్లవారికి సీటు వదలక అరెస్టయి ఈ బహిష్కరణకు కారణమైన మహిళ రోజా పార్క్స్. ఆమె అలసిపోయి సీటు వదలలేదని ఇప్పటికీ రాస్తుంటారు. చదివినప్పుడల్లా బాధేస్తుంది. అప్పటికే ఆమె ఏళ్ల తరబడి పౌరహక్కుల సంఘంలో పనిచేస్తున్న కార్యకర్త. ఆమెకు తొమ్మిది నెలల ముందే పదిహేనేళ్ల క్లాడెట్ కొల్విన్ సీటు వదలక అరెస్టయింది. బహిష్కరణ తప్పదని కాలేజీ అధ్యాపకురాలు జో ఆన్ రాబిన్సన్ 1954లోనే మేయరుకు లేఖ రాశారు. పార్క్స్ అరెస్టయిన డిసెంబరు 1 రాత్రి రాబిన్సన్ నిద్ర మానుకుని వేల కరపత్రాలు సైక్లోస్టైల్ చేశారు.

మొదట నల్లజాతి టాక్సీ డ్రైవర్లు బస్సు చార్జీ పది సెంట్లకే జనాన్ని ఎక్కించుకున్నారు. కనీస చార్జీ 45 సెంట్లు వసూలు చేయాల్సిందేనని నగర అధికారులు పట్టుబట్టారు. దాంతో సొంత కార్లు రంగంలోకి దిగాయి. దాదాపు మూడు వందల కార్లు, ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో ముందే నిర్ణయించిన స్థలాలు. చర్చిల పేరున కొన్న వాహనాలకు స్థానిక బీమా రద్దయితే, లండన్‌లోని లాయిడ్స్ నుంచి తెచ్చుకున్నారు. పెట్రోలుకు డబ్బు? వంటమనిషి జార్జియా గిల్మోర్, ఆమెతోటి ఆడవాళ్లు కేకులు, భోజనాలు అమ్మి సేకరించారు. ఎవరిచ్చారో పేర్లు బయటపెట్టలేదు, తెలిస్తే వాళ్ల ఉద్యోగాలు పోతాయి కనుక. కోర్టులో సాక్ష్యం చెప్పినందుకు గిల్మోర్ ఉద్యోగమే పోయింది.

చివరికి గెలిచిన దావా పార్క్స్‌ది కాదు, కొల్విన్‌తో పాటు మరో ముగ్గురు మహిళలది. 1956 నవంబరు 13న బస్సుల్లో తెల్లవారిని, నల్లవారిని వేరుచేసి కూర్చోబెట్టడం చెల్లదన్న కింది కోర్టు తీర్పును సుప్రీంకోర్టు ఖాయం చేసింది. విచిత్రం, అదే రోజు స్థానిక కోర్టు ఆ కార్లను నిలిపివేయమంది. సుప్రీంకోర్టు ఉత్తర్వు నగరానికి చేరింది డిసెంబరు 20న. ఈ రెండు తేదీల నడుమ ఐదు వారాలు కార్ల ఏర్పాటు లేదు. అయినా బస్సెక్కలేదు. ఎక్కువ మంది నడిచారు, పొరుగువారు ఒకరినొకరు దింపుకున్నారు. డిసెంబరు 21న ముందు తలుపు నుంచి ఎక్కి, కావలసిన సీట్లలో కూర్చున్నారు. కొద్ది రోజులకే బస్సుల మీద కాల్పులు మొదలై, సాయంత్రపు సర్వీసులు కొన్నాళ్లు ఆపాల్సి వచ్చింది.