స్టోన్‌హెంజ్‌లో ఉత్తరాయణం

డిసెంబర్ 21 తెల్లవారుజామున, ఇంగ్లండ్‌లోని పురాతన రాతి వలయం స్టోన్‌హెంజ్‌కి వెళ్దామంటే మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఆడ ఏ దేవుడుంటడు బిడ్డా?" అని. ఏం చెప్పాలో తోచలేదు. 2024 అంతా ఆ రాళ్లు వార్తల్లో నలుగుతూనే ఉన్నాయి. జూన్‌లో పర్యావరణ ఉద్యమకారులు వాటి మీద నారింజ రంగు పొడి చల్లారు. ఆగస్టులో ఇంకో సంగతి బయటపడింది. నడిమధ్యన పడి ఉన్న ఆరు టన్నుల ఆల్టర్ స్టోన్ (పీఠం రాయి) అందరూ అనుకున్నట్టు వేల్స్‌ది కాదట. స్కాట్లండ్ ఈశాన్యం నుంచి, అంటే దాదాపు 750 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చిందట. చక్రాల బండి కూడా ఎరగని రోజుల్లో! అది చదివినప్పటి నుంచీ అక్కడికి టూరిస్టులా కాకుండా భక్తుల గుంపులో కలిసి వెళ్లాలనిపించింది. మామూలు రోజుల్లో టికెట్ కొన్నా తాడుకు ఇవతలే నిలబడాలి. అయనాలు మారే రోజుల్లో మాత్రం లోపలికి వదులుతారు, డబ్బు తీసుకోరు.

ధనుర్మాసంలో చీకటితోనే గుడికెళ్లే మనిషి కాబట్టి అమ్మ లేవడానికి సణగలేదు. సణుగుడంతా సాల్స్‌బరీ మైదానం గాలికే. చీర మీద నా చలికోటు, తలకు మంకీ క్యాప్, కాళ్లకు బూట్లు. పార్కింగ్ దగ్గర్నుంచి చీకట్లో చాలాసేపు నడిచాం. ముందు డప్పులు వినిపించాయి, రాళ్లు ఆ తర్వాత కనిపించాయి.

వేలల్లో జనం. తెల్ల అంగీలు, చేతికర్రలు, కొమ్ముబూరలు, జింక కొమ్ముల కిరీటాలు. పక్కనే జీన్స్ వేసుకుని చిప్స్ నములుతున్న కుర్రాళ్లు. ఒక పెద్దావిడ ఆకుల దండ తలకు చుట్టుకుని, రాతికి నుదురు ఆనించి అలాగే నిలబడిపోయింది. నేనూ దగ్గరికెళ్లి చూశాను. రాయంతా బూడిదరంగు, పసుపు నాచు మచ్చలు. వాన పడి వెలిసినట్టు తడిగా, మంచులా ఉంది. పెద్ద రాళ్లు ఒక్కొక్కటీ సుమారు 25 టన్నులు. పైన అడ్డంగా పెట్టిన రాయి జారిపోకుండా, వడ్రంగి తలుపుచట్రానికి చేసినట్టు కింది రాయికి కుసులు (పొడుచుకొచ్చే మొనలు), పై రాయికి అవి దిగే తొలులు (గుంతలు) చెక్కారు.

డ్రూయిడ్లు, అంటే పాత బ్రిటన్ పూజారుల పేరు పెట్టుకుని ప్రకృతిని కొలిచే ఈ తెల్ల అంగీలవాళ్లు, వలయంగా నిలబడి నాలుగు దిక్కులకూ తిరిగి, ప్రతి దిక్కునా శాంతి ఉండాలని పిలిచారు. అమ్మకు ఇంగ్లిష్ రాదు. అయినా తూర్పు తిరిగినప్పుడు తనూ తిరిగి దండం పెట్టింది.

నిజం చెప్పాలంటే ఈ డ్రూయిడ్లకూ ఆ రాళ్లకూ చుట్టరికం తక్కువే. రాళ్లు నిలబెట్టింది సుమారు 4,500 ఏళ్ల కిందట. పాత డ్రూయిడ్లు ఆ తర్వాత రెండు వేల ఏళ్లకు గానీ చరిత్రలోకి రారు. డ్రూయిడ్లనూ రాళ్లనూ ముడిపెట్టి ప్రచారం చేసింది 18వ శతాబ్దంలో విలియం స్టూక్లీ లాంటి పండితులు. ఇవన్నీ తెలిసే వెళ్లాను, నాటకాల వేషాలు చూస్తానేమో అనుకుంటూ. కొన్ని వేషాలు ఉన్నాయి కూడా. కానీ నేను పలకరించిన తెల్ల అంగీ పెద్దాయన ఏ దబాయింపూ లేకుండా, తమ పూజ కొత్తగా కూర్చుకున్నదేనని తనే చెప్పాడు. పాతది రాసిపెట్టినవాళ్లు లేరు, మిగిలింది సూర్యుడూ రాయీ, వాటితోనే మొదలుపెట్టామన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. ఈ ప్రవేశం కూడా ఊరికే రాలేదు. 1985లో ఇక్కడికి వస్తున్న యాత్రికుల బళ్లను పోలీసులు దారిలోనే ఆపి చితక్కొట్టారు. 2000లో గానీ అయనం వేడుకకు మళ్లీ గేటు తెరవలేదు. 2010లో డ్రూయిడ్ మార్గాన్ని మతంగా గుర్తించి ఒక సంస్థకు ధార్మిక హోదా ఇచ్చారు. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లో 74,000 మంది తాము పేగన్లమని, అంటే ఇలా ప్రకృతిని, పాత దేవతలను కొలిచేవాళ్లమని రాయించుకున్నారు.

ఎనిమిది దాటింది. మబ్బు వీడలేదు. సూర్యుడు ససేమిరా కనిపించలేదు. అయినా సమయం కాగానే డప్పులు హోరెత్తాయి, జనం కేకలు వేశారు. అసలు ఈ కట్టడం చలికాలంలో చూసేది అస్తమయం వైపు. దగ్గర్లోని డరింగ్టన్ వాల్స్ అనే ఆ రాళ్ల కాలపు ఊళ్లో దొరికిన పందుల దంతాలను బట్టి, చాలావాటిని తొమ్మిది నెలల ప్రాయంలో, అంటే నడి చలికాలంలో కోశారని తేలింది. దూరదూరాల నుంచి తోలుకొచ్చి మరీ చేసిన జాతర అన్నమాట. వాళ్లు సాయంత్రానికి వచ్చి ఉంటే, మేం పొద్దున్నే దిగాం. మన సంక్రాంతి మాత్రం తక్కువా? ఆకాశంలో సూర్యుడు ఉత్తరానికి మళ్లిన మూడు వారాలకు గానీ మనం భోగిమంట వెయ్యం.

తిరిగి వస్తుంటే, "విగ్రహం లేకుండా వీళ్లు దేనికి మొక్కుతున్నారమ్మా?" అని ఊరికే కదిపాను.

"మేడారంల విగ్రహముందా? సమ్మక్క కుంకుమ భరిణె, వెదురు కర్ర. అంతేగద" అంది. ఆ ఫిబ్రవరిలోనే జాతరకు పోయి బెల్లం మొక్కు తీర్చుకుని వచ్చింది మరి.

కారెక్కగానే హీటర్ పెట్టమని, హనుమకొండలో పిన్నికి వీడియో కాల్ కలిపింది. "రాళ్ల జాతరకు పోయొచ్చినమే. దేవుడు మబ్బుల ఉండె. బెల్లం పట్కపోతే బాగుండు, ఈడ ఎవ్వలు అమ్ముతలేరు."