మేస్త్రీ బండికి ఏ రాష్ట్రం నంబరు?

మరూరు టోల్‌గేటు దాటేసరికే ఎండ చురుక్కుమంటోంది. తమ్ముడికి బెంగళూరులో ఉద్యోగం ఖాయమైంది. పరుపులు, వంటసామాను వాడి కారులోనే కుక్కుకుని ఇద్దరం అనంతపురం నుంచి బయలుదేరాం. దారిలో వాడి బెంగ ఒక్కటే: "అన్నా, ఈ ఏపీ బండిని అక్కడ ఎన్నాళ్లు నడపనిస్తారు?"

పన్నెండు నెలలు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒకచోట రిజిస్టరైన బండి దేశమంతటా చెల్లుతుంది. కానీ మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని అదే చట్టంలోని 47వ సెక్షన్ చెబుతోంది. నంబరు పలక మార్చుకోవడం ఎంతసేపు? చిక్కంతా పన్నుతోనే. వాహనాల నియమాలు రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో ఉన్నాయి, వాటి మీద వేసే పన్ను రాష్ట్ర జాబితాలో ఉంది. అందుకే అనంతపురంలో కట్టిన జీవితకాల పన్ను బెంగళూరు లెక్కలోకి రాదు. అక్కడ మళ్లీ కట్టి, ఇక్కడ మిగిలిన కాలానికి వాపసు కోసం అర్జీ పెట్టుకోవాలి. కర్ణాటక 2014లో తన పన్ను చట్టాన్ని సవరించి, ముప్పై రోజులు దాటితే పన్ను కట్టాల్సిందేనంది. 2016లో ఆ రాష్ట్ర హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. సరిహద్దు జిల్లాల వాళ్లకు ఆ తీర్పు ఎంత ఊరటో మాకు తెలుసు.

పెనుకొండ ప్రాంతంలో కియా ఫ్యాక్టరీని చూస్తూ ముందుకు సాగి, కొడికొండ చెక్‌పోస్టు దగ్గర టీకి ఆగాం. లేపాక్షికి మలుపు తిరిగేది ఇక్కడే. పక్క బల్ల మీద ఒక మేస్త్రీ కూర్చున్నాడు. రొద్దం వైపు పల్లె, యలహంకలో భవనాల పని. ఏపీ02 నంబరు బండి, వెనక సంచిలో తాపీ, మట్టపు పలక.

మాటల్లో మాటగా తమ్ముడి సందేహం చెబితే, ఆయన లేచి వెళ్లి బండి పక్క డబ్బా తెరిచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. అందులో ఆర్‌సీ, బీమా కాగితాలతో పాటు పెట్రోలు బంకు రసీదులు, సొంత ఊరి దగ్గర సర్వీసింగ్ చేయించిన బిల్లులు నెలలవారీగా మడతపెట్టి ఉన్నాయి. కొన్నింటి మీద అక్షరాలు వెలిసిపోయాయి.

"ఇవన్నీ ఎందుకన్నా?" అని అడిగాను.

"ఆపినప్పుడల్లా ఏడాదికి పైగా ఇక్కడే తిప్పుతున్నావంటారు సార్. నెలనెలా ఊరికి పోయి వస్తున్నానని నేను దేనితో చూపించాలి?"

నాకు అప్పుడు తట్టింది. కారుకైతే ఫాస్టాగ్ ఉంది. ఏ రోజు ఏ టోల్‌గేటు దాటిందో ఫోనులోనే చూపించవచ్చు. ద్విచక్ర వాహనాలకు జాతీయ రహదారుల మీద టోల్ లేదు. పేదవాడికి మేలు చేసిన ఆ మినహాయింపే ఈయన చేతిలో రుజువు లేకుండా చేసింది.

జరిమానాలదీ ఇదే తంతు. మోటారు వాహనాల చట్టానికి 2019 సెప్టెంబరులో అమలైన సవరణ హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయలంది. అక్కడికక్కడ కట్టించుకునే మొత్తాన్ని 200వ సెక్షన్ కింద రాష్ట్రాలు నిర్ణయించుకోవచ్చు కాబట్టి కర్ణాటక ఆ నెలలోనే దాన్ని 500కు తగ్గించింది. పన్నులో తేడా ఉందంటే ఖజానా అవసరాలు వేరు అనుకుంటాను. ప్రాణం కాపాడే నియమానికి రాష్ట్రానికో ధర ఉండటం మాత్రం నాకు ఏమాత్రం నచ్చదు.

ఉద్యోగాల మీద ఊళ్లు మారేవాళ్ల కోసం 2021 సెప్టెంబరులో కేంద్రం భారత్ సిరీస్ నంబర్లు తెచ్చింది. పన్ను రెండేళ్లకోసారి కడితే చాలు, రాష్ట్రం మారినా నంబరు మారదు. పాత బండ్లను ఆ సిరీస్‌లోకి మార్చుకునే వీలు కూడా తర్వాత వచ్చింది. అయితే అది ప్రభుత్వ ఉద్యోగులకు, నాలుగు లేదా అంతకు మించి రాష్ట్రాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల సిబ్బందికి మాత్రమే. మా తమ్ముడి సంస్థ ఆ లెక్కలోకి వస్తుంది. సంస్థ సంతకం చేసిన ఫారం 60 జతచేసి వాడు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అందరికంటే ఎక్కువగా రాష్ట్రాలు దాటే మేస్త్రీకి, పెయింటరుకు, కూలికి ఆ ఫారం మీద సంతకం చేసేదెవరు? బండ్ల వివరాలు ఇప్పుడు కేంద్రం నడిపే వాహన్ పోర్టల్‌లో ఉన్నాయి. కట్టిన పన్నులో మిగిలిన భాగాన్ని రెండు ఖజానాలు తమలో తామే సర్దుకోవచ్చు కదా. ఆ భారం రోజుకూలి పోగొట్టుకుని తిరిగే మనిషి మీద ఎందుకు?

బండిని కర్ణాటక నంబరుకు మార్చుకోవాలంటే ముందు మన ఆర్‌టీవో ఆఫీసు ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) కావాలి, దానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టిస్తానని మేస్త్రీతో అన్నాను. బండి మీద అప్పు ఉంటే ఫైనాన్స్ వాళ్ల అంగీకారం కూడా కావాలి. అడిగితే ఇంకా నాలుగు కంతులున్నాయన్నాడు. అవి తీరగానే ఫోను చేయమని నా నంబరిచ్చాను. ఆయన దాన్ని ఒక బంకు రసీదు వెనక రాసుకుని, కవరులో పెట్టుకున్నాడు.