మిల్లుల పేటలో అద్దె ఇల్లు

తిరుపతిలో అద్దె ఇల్లంటే బైరాగిపట్టెడలో టులెట్ బోర్డు చూడడం, ఓనరమ్మతో మాట్లాడడం, అడ్వాన్స్ ఇచ్చి పాలు పొంగించడం. మాకు తెలిసింది అంతే. మా అమ్మాయికి ముంబయి లోయర్ పరేల్‌లో ఉద్యోగం రావడంతో ఇల్లు చూడ్డానికి నేనూ వెళ్లాను.

అదంతా ఒకప్పుడు బట్టల మిల్లుల పేట. తెలంగాణ నుంచి ఎన్నో పద్మశాలి కుటుంబాలు ఈ మిల్లుల్లో పనికి వలస వచ్చాయి. 1982 జనవరిలో కార్మిక నాయకుడు దత్తా సామంత్ నాయకత్వంలో రెండు లక్షల మందికి పైగా కార్మికులు సమ్మెకు దిగారు. ఆ తర్వాత చాలా మిల్లులు మూతపడ్డాయి. ఫీనిక్స్ మిల్లు ఉన్నచోట ఇప్పుడు పెద్ద మాల్. అద్దాల టవర్ల పక్కనే కార్మికుల చాల్‌లు ఇంకా ఉన్నాయి: పొడుగాటి వరండా, వరసగా గదులు, కటకటాల మీద ఆరేసిన చీరలు. ఆ కార్మికుల చేతులు బట్టలు నేసిన పేటలో వాళ్ల కుటుంబాలే అద్దె కట్టలేని పరిస్థితి రావడం నాకు నిజంగా బాధనిపించింది.

బ్రోకర్ "ముందు డిపాజిట్ వేసేయండి, అగ్రిమెంట్ తర్వాత చూద్దాం" అన్నాడు. నేను ససేమిరా అన్నాను. మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం, 1999, సెక్షన్ 55 ప్రకారం ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, రిజిస్టర్ కావాలి. ఆ బాధ్యత ఓనర్‌దే. అక్కడ ఈ ఒప్పందాన్ని 'లీవ్ అండ్ లైసెన్స్' (ఇంట్లో ఉండడానికి ఓనర్ ఇచ్చే అనుమతి) అని, ఎక్కువగా 11 నెలలకు రాస్తారు.

"నాయనా, ఇల్లు చేజారిపోతుందేమో" అని పాపకు టెన్షన్.

పోతే పోనీ అన్నాను. పోయింది కూడా. చివరికి ఒక పాత చాల్ వెనక చిన్న ఇల్లు కుదిరింది. రిజిస్ట్రేషన్ అయ్యాకే డిపాజిట్ వేశాం.