చలికాలమని బురదాట మాన్పించొద్దు

ధనుర్మాసం నెల పట్టింది. ఇక సంక్రాంతి దాకా మా కావలిలో పసిపిల్లలున్న ఏ ఇంటికి పోయినా ఒకటే మాట వినపడుతుంది: "చలిగాలి, బయటికి పోవద్దు." మంకీ క్యాప్ తొడిగి, గడియ పెట్టి, చేతికి ఫోనిచ్చి కూచోబెట్టేస్తారు. చూస్తే నాకు బాధేస్తుంది. మనకిక్కడ కశ్మీరులాగా మంచు కురవదు. తెల్లవారుజామున 20 డిగ్రీలకు అటూ ఇటూగా ఉండే చలి, తొమ్మిది దాటిందంటే ఎండ హాయిగా ఉంటుంది. ఎండాకాలంలో పిల్లల్ని ఎట్లాగూ బయటికి వదల్లేం, రోహిణి కార్తెలో ఇసుక ముట్టుకుంటే చేతులు కాలతాయి. ఈశాన్య రుతుపవనాల వానలకు నేల మెత్తబడి, ఎండ ఓర్చుకునేట్టు ఉండే ఈ రోజుల్లోనే మన నెల్లూరు జిల్లా పిల్లలు మట్టిలో తనివితీరా ఆడుకోగలిగేది.

జలుబు వైరస్‌తో వస్తుంది, మట్టితో కాదు. తలుపులన్నీ మూసిన గదిలో ఒకరు తుమ్మితే అందరికీ అంటుకునే అవకాశమే ఎక్కువ. అయితే చలిని పట్టించుకోనక్కర్లేదని నేననను. పసివాళ్ల ఒళ్లు మనకన్నా తొందరగా చల్లబడుతుంది. తడి బట్టలతో గాలిలో నిలబడితే ఇంకా తొందరగా. అందుకే మా ఇంట్లో నేను పట్టుబట్టేది ఒక్కటే: తడవండి, తడితో మాత్రం ఉండొద్దు. వాళ్లు మట్టిలోకి దిగకముందే కట్టెల పొయ్యి మీద నీళ్లు కాగుతుంటాయి. కొళాయి దగ్గర పీట, తువ్వాలు, పొడి బట్టలు పెట్టే ఉంటాయి. వణుకు మొదలైనా, పెదాలు నీలంగా కనిపించినా, ఆడేవాడు ఉన్నట్టుండి డీలా పడినా ఆట అక్కడితో ఆగాలి. చేతులు పట్టుకుని చూస్తే తెలియదు, మట్టిలో ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. అక్కడ వెచ్చగా ఉంటే ఆడనివ్వొచ్చు, చెమట పట్టి ఉంటే స్వెట్టర్ తీసేయాలి.

బట్టల విషయం నేను కాస్త గట్టిగానే చెప్పగలను, టైలరింగే నా పని. కాటన్ తడిస్తే నీళ్లు వదలదు, ఒంటికి అతుక్కుని వేడి లాగేస్తుంది. వానాకాలం అయ్యాక మూలన పడేసే పెద్దవాళ్ల రెయిన్‌కోటు ప్యాంటు ఒకటి తీసుకోండి. పిల్లాడి కొలతకు కత్తిరించి, నడుముకూ చీలమండలకూ ఎలాస్టిక్ వేయండి. ఎలాస్టిక్ మరీ సాగదీసి కుట్టొద్దు, తీశాక ఒంటి మీద గీత పడిందంటే బిగుతైనట్టే. అసలు తిప్పలు కుట్టు దగ్గర. సూది దిగిన ప్రతి రంధ్రంలోంచీ నీళ్లు లోపలికి వస్తాయి. కుట్టు పొడవునా కొవ్వొత్తి గట్టిగా రుద్ది, పైన పాత గుడ్డ పరిచి, గోరువెచ్చటి ఇస్త్రీపెట్టె ఒక్కసారి ఆనిస్తే మైనం కరిగి ఆ రంధ్రాల్లోకి దిగుతుంది. వేడి ఎక్కువైతే రెయిన్‌కోటు గుడ్డే ముడుచుకుపోతుంది, జాగ్రత్త. ఇది వేసుకుని మా చిన్నోడు తడి ఇసుకలో చతికిలబడినా లోపలి నిక్కరు పొడిగానే ఉంటుంది.

అసలు ఈ కాలానికి తగ్గ ఆట మన పెద్దవాళ్లు ఎప్పుడో పెట్టారు, భోగి పిడకలు. మా అత్తయ్య పీట వేసుకుని కూచుంటుంది, పిల్లలిద్దరూ ఆమె చెరోవైపు. ఆవుపేడలో గుప్పెడు ఊక కలిపితే ఎండాక పగలదు. ఆ ఊక కలపడమే పిల్లలకు పెద్ద పండగ, మోచేతుల దాకా ముంచేస్తారు. చిన్న ఉండ చేసి, అరచేతిలో వత్తి, నడుమ చిల్లు పెట్టాలి. మూడేళ్లవాడికి చిల్లు పెట్టడం దగ్గరే వస్తుంది కష్టమంతా. వేలు పొడుస్తాడు, పిడక రెండు ముక్కలవుతుంది. "అట్ట పొడవమాక నాయనా, మెల్లంగా తిప్పు" అని అత్తయ్య వాడి వేలు పట్టుకుని తిప్పిస్తుంది. ఎండితే చిల్లు చిన్నదవుతుంది కాబట్టి ముందే పెద్దగా పెట్టిస్తుంది. ఐదేళ్ల పెద్దదాని పిడకల మీద మాత్రం నాలుగు వేళ్ల ముద్ర అచ్చంగా పడుతుంది, దండ గుచ్చేటప్పుడు వాటిని ఏరి ముందు వరసలో పెట్టుకుంటుంది. ఈ ఎండలకు పిడక నిదానంగా ఆరుతుంది, అందుకని నెల పట్టగానే మొదలుపెట్టడం మంచిది.

చేతికి గాయముంటే మాత్రం ఆ రోజు పేడ ముట్టనివ్వను. ధనుర్వాతం క్రిములు పేడలోనూ మట్టిలోనూ ఉంటాయి. 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి, ఐదారేళ్ల మధ్య ఒకటి డీపీటీ బూస్టర్లు వేయించారో లేదో కార్డు తీసి చూసుకోండి. కాళ్లకు చెప్పులు ఉండాల్సిందే, కొంకిపురుగు అరికాలి చర్మంలోంచే లోపలికి పోతుంది. ఫిబ్రవరి 10న అంగన్‌వాడీలో ఇచ్చే నులిపురుగుల మందు, ఆల్బెండజోల్ మాత్ర వదులుకోకండి. ఇంటి ముందు ఇసుక కుప్ప ఉంటే రాత్రిళ్లు టార్పాలిన్ కప్పాలి, లేకపోతే పిల్లులు అందులోనే దొడ్డికి పోతాయి. మురిక్కాలవ పొంగి నిలిచిన నీళ్ల వైపు అసలు పోనివ్వొద్దు, ఎలుకల మూత్రం కలిస్తే ఎలుక జ్వరం వస్తుంది. పొదల్లో, ఎత్తుగా పెరిగిన గడ్డిలో ఆడనివ్వొద్దు. అక్కడుండే నల్లికన్నా చిన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ రావచ్చు. స్నానం చేయించేటప్పుడు చంకలు, గజ్జలు, చెవుల వెనక చూడండి. నల్లటి పొక్కు కనపడి జ్వరం కూడా ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. సమయానికి గుర్తిస్తే మందులతో తగ్గిపోతుంది.

ఇక ఉతుకుడు. ఎర్రమట్టి బట్టల్ని పచ్చిగా ఉన్నప్పుడు రుద్దితే మరక నూలులోకి దిగుతుంది. ఆరనిచ్చి దులిపి, ముందు చన్నీళ్లలో జాడించి, ఆ తర్వాతే సబ్బు పెట్టండి. జాడించిన నీళ్లు బాత్‌రూంలో పోస్తే తూము ఇసుకతో పూడుకుపోతుంది. మేం పెరట్లో బక్కెట్టులోనే జాడించి, ఆ నీళ్లు కొబ్బరిచెట్టు పాదులో పోస్తాం.