అల్లాయ్ వీల్స్‌కి పెయింటా, పౌడర్ కోటింగా?

"పౌడర్ కోటింగే గట్టిది, కళ్లు మూసుకుని చేయించెయ్" అని ఎవర్నడిగినా అంటారు. గట్టిదే, కాదనను. కానీ నా కారు చక్రాల మీద క్లియర్ కోట్, అంటే రంగు పైన వేసే పారదర్శకమైన పూత, అక్కడక్కడా పొంగింది. గోటితో గీకితే పొరలా లేచొచ్చింది, దాని కింద పురుగు పాకినట్టు తెల్లటి గీతలు. తుప్పులాంటిదే, అల్యూమినియంకి పట్టేది. దాన్ని మొత్తం తీయకుండా పైన ఏం వేసినా మళ్లీ అక్కడే పొంగుతుంది.

నాలుగు చక్రాలూ అలాగే ఉన్నాయి కాబట్టి నేను పౌడర్‌కే వెళ్లాను. టైరు, వాల్వ్, ప్రెషర్ సెన్సర్ అన్నీ ఊడదీసి, పాత రంగంతా మెటల్ కనిపించేదాకా తీయాలి. రంగు పొడిని కరెంటు చార్జ్‌తో మెటల్‌కి అంటించి, ఓవెన్‌లో దాదాపు 180 నుంచి 200 డిగ్రీల దగ్గర కరిగించి గట్టిపరుస్తారు. ఇక్కడో తిరకాసుంది. పోత అల్యూమినియంలో సన్నటి రంధ్రాలుంటాయి. వాటిలో చిక్కుకున్న గాలి వేడికి బయటికి తన్నుకొచ్చి కొత్త పూతలో బెజ్జాలు పెడుతుంది. అందుకే తెలిసినవాళ్లు పొడి కొట్టకముందే చక్రాన్ని ఉత్తగా ఓసారి కాలుస్తారు. అలాగని వేడి మరీ మించినా, గంటలకొద్దీ ఉంచినా చక్రం బలమే తగ్గుతుంది.

నేను పట్టుబట్టి చూసింది మాత్రం నట్లు కూర్చునే గుంటలు, హబ్‌కి (చక్రాన్ని బిగించే కారు భాగానికి) ఆనే వెనక భాగం. అక్కడ పూత పడకూడదు. పౌడర్ పొర మందంగా ఉంటుంది. నట్టు బిగించాక ఆ పొర నలిగితే బిగువు సడలుతుంది. అందరూ రంగు ఎంచుకోవడానికి గంట తీసుకుంటారు, ఈ మాట ఒక్కరూ అడగరు!

ఒక్క చక్రానికే ఫుట్‌పాత్ అంచు గీసుకుంటే నేనైతే పెయింటే అంటాను. గీత పడ్డంత మేర సాండ్‌పేపర్‌తో రుద్ది, ప్రైమర్, రంగు, క్లియర్ కోట్ వేసుకోవచ్చు. పౌడర్ మీద దెబ్బ తగిలితే అలా కుదరదు, చక్కగా రావాలంటే మొత్తం గీకి మళ్లీ కాల్చాల్సిందే. గట్టిపరిచే ద్రవం (హార్డెనర్) కలిపి వాడే క్లియర్ కోట్ ఇంట్లో కొట్టాలనుకుంటే మాత్రం ఆగండి. అందులోని ఐసోసయనేట్లనే రసాయనాలు ఊపిరితిత్తులకి ప్రమాదం, మామూలు గుడ్డ మాస్కు ఆపలేదు.

పగులున్న చక్రానికి రెండూ వద్దు, మార్చేయండి.